యూనిట్ 7: బడిలో తొలి ఏడాది – ఒకటో తరగతి పిల్లల అభ్యసనానికి తోడ్పాటు

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 ఒకటో తరగతికి వచ్చే బిడ్డ
7.3 మొదటి వారాలు: బడికి అలవాటు పడటం
7.4 మాట నుంచి అక్షరానికి
7.5 వస్తువు నుంచి సంఖ్యకు
7.6 సాయం ఎప్పుడు, ఎంత?
7.7 ఇంటివారి పాత్ర
7.8 పరిశీలన, మూల్యాంకనం
7.9 సారాంశం
7.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:

• ఒకటో తరగతిలో చేరే పిల్లలు ఇంటి నుంచి ఏయే జ్ఞానం తెచ్చుకుంటారో వివరించగలుగుతారు.
• బడికి అలవాటు పడే దశలో పిల్లలకు ఎదురయ్యే ఇబ్బందులను గుర్తించగలుగుతారు.
• తెలుగు అక్షరాలను, సంఖ్యలను పరిచయం చేసే క్రమాన్ని కారణాలతో చెప్పగలుగుతారు.
• పిల్లల ప్రగతిని పరీక్ష పెట్టకుండా పరిశీలన ద్వారా నమోదు చేయగలుగుతారు.

7.1 పరిచయం

జూన్‌లో బడులు తెరిచిన మొదటి రోజు ఏదైనా ప్రాథమిక పాఠశాల గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. ఒక పిల్లవాడు అక్క చెయ్యి వదలకుండా లోపలికి వస్తాడు. ఇంకొకడు తల్లి కొంగు పట్టుకుని ఏడుస్తుంటాడు. ఒక పిల్ల కొత్త సంచి భుజాన వేసుకుని పరుగెత్తుకుంటూ వచ్చి, తలుపు దగ్గర హఠాత్తుగా ఆగిపోతుంది. వీళ్లందరి పేర్లూ ఆ రోజు ఒకే రిజిస్టరులో ఎక్కుతాయి. కాని వీళ్లు వచ్చిన దారులు ఒకటి కావు.

మీలో కొందరు ఇప్పటికే ప్రైవేటు బడుల్లో పాఠాలు చెబుతూ ఉండవచ్చు. కొందరు అంగన్‌వాడీ కార్యకర్తలు కావచ్చు. కొందరు ఒకటో తరగతి చదివే బిడ్డకు తల్లో తండ్రో కావచ్చు. ఎవరైనా సరే, ఈ యూనిట్‌ను మీకు తెలిసిన ఒక బిడ్డను మనసులో పెట్టుకుని చదవండి.

ముందుగా నా పొరపాటు ఒకటి చెబుతాను. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో తెలంగాణలోని ఒక పల్లె బడిలో ఒకటో తరగతి పిల్లల పదజాలాన్ని పరీక్షించాను. నా దగ్గర 20 బొమ్మల కార్డులు ఉండేవి. బొమ్మ చూపించాలి, పిల్లలు పేరు చెప్పాలి, నేను మార్కు వేయాలి. ఒక పిల్ల సొరకాయ బొమ్మ చూసి ‘ఆనిగెపుకాయ’ అంది. కొళాయిని ‘నల్లా’ అంది. ఉల్లిపాయను ‘ఉల్లిగడ్డ’ అంది. ఓడ బొమ్మ చూసి ఏమీ మాట్లాడలేదు. సముద్రం లేని ఊళ్లో ఆ పిల్ల ఓడను ఎక్కడ చూస్తుంది? నా కాగితం మీద రాసి ఉన్న పదాలతో పోల్చి 20కి 7 వేశాను. బయటికి వస్తుంటే ఆ తరగతి ఉపాధ్యాయుడు “ఆ పిల్ల ఎట్లుంది సార్?” అని అడిగాడు. “కొంచెం వెనకబడింది” అన్నాను.

ఆ మధ్యాహ్నం చెట్టు కింద అదే పిల్ల పెద్ద పిల్లలతో వామనగుంటలు ఆడుతోంది. గుంటలో ఎన్ని చింతపిక్కలు ఉన్నాయో ఒక్క చూపుతో పట్టేసి, తన వంతు ఎక్కడ ఆగుతుందో ముందే చెబుతోంది. ఆ ఆట చూసి కూడా నేను నా కాగితం మీది అంకె మార్చలేదు. ఈ యూనిట్‌లో నేను చెప్పబోయే ప్రధాన విషయం ఇదే: బిడ్డ ఖాళీగా బడికి రాడు. తనతో తెచ్చుకున్నదాన్ని బడి గుర్తిస్తే దాని మీదే చదువు నిలబడుతుంది. గుర్తించకపోతే ఆ బిడ్డ తనకేమీ రాదని నమ్మడం నేర్చుకుంటాడు.

7.2 ఒకటో తరగతికి వచ్చే బిడ్డ

ఒకటో తరగతిలో చేరే నాటికి బిడ్డకు ఆరేళ్లు నిండి ఉండాలని జాతీయ విద్యావిధానం 2020 చెబుతోంది. మన రెండు రాష్ట్రాల్లో ఐదు నిండగానే చేర్చే అలవాటు చాలాకాలంగా ఉంది. అందువల్ల ఒకే తరగతిలో ఐదేళ్ల పిల్లలు, ఏడేళ్లకు దగ్గరపడిన పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. ఈ వయసులో ఏడాది తేడా చిన్నది కాదు. ఇదే విధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును ‘పునాది దశ’గా గుర్తించి, పూర్వ ప్రాథమిక విద్యను, ఒకటి, రెండు తరగతులను ఒకే గొలుసుగా చూసింది. అంటే ఒకటో తరగతి అంగన్‌వాడీకి కొనసాగింపు కావాలి. రెండింటి మధ్య గోడ ఉండకూడదు.

ఈ వయసు పిల్లలు తెచ్చుకునే వాటిలో మొదటిది భాష. బడి మెట్టు ఎక్కే నాటికే బిడ్డకు తన ఇంటి భాష వ్యాకరణం దాదాపు అంతా వచ్చేసి ఉంటుంది. ‘వచ్చాడు, వచ్చింది, వచ్చారు’ లేదా ‘వచ్చిండు, వచ్చింది, వచ్చిన్రు’ అని ఎవరి గురించి ఎలా అనాలో ఎవరూ పాఠం చెప్పకుండానే తెలుసుకుంటాడు. రెండోది లెక్క. పంచుకోవడం, ఎక్కువ తక్కువలు చూడటం, దుకాణానికి వెళ్లి చిల్లర తేవడం చాలామంది పల్లె పిల్లలకు అలవాటే. మూడోది చుట్టూ ఉన్న ప్రపంచం గురించిన పరిజ్ఞానం.

ఇంకా రాని వాటిని కూడా తెలుసుకోవాలి. జీన్ పియాజే (1896–1980) ప్రకారం 2 నుంచి 7 ఏళ్ల వరకు పిల్లలు పూర్వప్రచాలక దశలో ఉంటారు. దీన్ని మీరే పరీక్షించి చూడవచ్చు. ఆరు చింతపిక్కలను ఒక వరసలో, మరో ఆరింటిని దాని కింద అదే ఎడంతో పెట్టండి. రెండూ సమానమేనని బిడ్డ ఒప్పుకుంటుంది. ఇప్పుడు కింది వరసను ఎడంగా జరపండి. చాలామంది ఐదేళ్ల పిల్లలు ‘కింద ఎక్కువ ఉన్నాయి’ అంటారు. దీన్నే పదిలపరచుకునే భావన ఇంకా ఏర్పడకపోవడం అంటారు. దాన్ని తెలివితక్కువతనంగా భావించకూడదు. ఈ వయసులో చూపు ఆలోచన కంటే ముందు నడుస్తుంది.

చేతి సంగతీ అంతే. ఆరేళ్ల బిడ్డ మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. వేళ్ల కండరాలు సన్నని గీతలకు ఇప్పుడిప్పుడే అలవాటు పడుతుంటాయి. అలాంటి చేతితో ఒకే అక్షరాన్ని పేజీ నిండా రాయిస్తే, బిడ్డ నేర్చుకునేది అక్షరం కంటే ముందు అలసట.

మీ అవగాహనను పరిశీలించుకోండి – 1
1. మీకు తెలిసిన ఒక ఐదారేళ్ల బిడ్డతో చింతపిక్కల ప్రయోగం చేసి, ఆ బిడ్డ చెప్పిన మాటలను ఉన్నదున్నట్లుగా రాయండి.
2. ఆ బిడ్డకు ఇంట్లో వచ్చి, బడిలో ఎవరూ అడగని మూడు విషయాలు రాయండి.

7.3 మొదటి వారాలు: బడికి అలవాటు పడటం

పెద్దవాళ్లకు బడి అంటే పుస్తకం. కొత్తగా వచ్చిన బిడ్డకు బడి అంటే ముందుగా కొన్ని ప్రశ్నలు. దాహం వేస్తే ఎవరిని అడగాలి? మరుగుదొడ్డి ఎక్కడ? అన్నం ఎప్పుడు పెడతారు? అమ్మ ఎప్పుడు వస్తుంది? ఈ నాలుగింటికీ జవాబు తెలియని బిడ్డకు ‘అ’ మీద ధ్యాస నిలవదు. కాబట్టి మొదటి రోజే పిల్లలను బడి అంతా తిప్పి చూపించండి. నీళ్ల కుండ, మరుగుదొడ్డి, వంటగది, పెద్ద పిల్లల గదులు చూపించి, అక్కడ ఉండేవాళ్ల పేర్లు చెప్పండి. ‘నేను బయటికి వెళ్లాలి’ అని చెప్పడానికి అనుమతి అక్కర్లేని ఒక సైగ నేర్పండి. చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, మొదటి నెలలో బట్టలు తడుపుకుని సిగ్గుతో బడి మానేసే పిల్లలు ఉంటారని అనుభవం ఉన్న ఉపాధ్యాయులందరికీ తెలుసు.

రోజు ఒక క్రమంలో నడవాలి. పలకరింపు, ఆట, కథ, చేతిపని, భోజనం, విశ్రాంతి, పాట, ఇంటికి. ఏ పని తరవాత ఏ పని వస్తుందో తెలిస్తే బిడ్డకు భయం తగ్గుతుంది. ఒక్కో పని పది, పదిహేను నిమిషాలకు మించకూడదు. కూర్చునే పని తరవాత కదిలే పని రావాలి.

పూర్వ ప్రాథమిక విద్య లేకుండా నేరుగా వచ్చే పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఎన్‌సీఈఆర్‌టీ ‘విద్యాప్రవేశ్’ అనే మూడు నెలల సంసిద్ధతా కార్యక్రమాన్ని రూపొందించింది. ఇది 2021లో ప్రారంభమైంది. ఆటలు, పాటలు, బొమ్మలు, మాటల ద్వారా అక్షరానికీ అంకెకూ పిల్లలను సిద్ధం చేయడం దీని ఉద్దేశం. ఈ మూడు నెలలను ‘సిలబస్ మొదలుపెట్టడానికి ముందు వృథా అయ్యే కాలం’గా భావించడం తప్పు.

ఇక్కడ ఒక వాస్తవాన్ని మరువకూడదు. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉంటారు. ఐదు తరగతులకు ఇద్దరే. అంటే ఒకటో తరగతి ఉపాధ్యాయుని గదిలో తరచుగా రెండో తరగతి కూడా ఉంటుంది. అలాంటప్పుడు కథ, పాట, ఆట అందరికీ కలిపి నిర్వహించండి. తరవాత రెండో తరగతి పిల్లలు రాసుకునే పనిలో ఉండగా, ఒకటో తరగతి వారిని నలుగురైదుగురు చొప్పున దగ్గరికి పిలుచుకోండి. రెండో తరగతి బిడ్డ ఒకటో తరగతి బిడ్డకు కథ చెబితే ఇద్దరికీ లాభమే.

7.4 మాట నుంచి అక్షరానికి

7.4.1 ముందు మాట

బిడ్డ మాట్లాడే భాషే చదువుకు మొదటి పుస్తకం. వేరుశనగను ఒక ప్రాంతంలో పల్లీలు అంటారు, ఇంకో ప్రాంతంలో బుడ్డలు అంటారు. బిడ్డ ‘బుడ్డలు’ అన్నప్పుడు ‘తప్పు, వేరుశనగలు అనాలి’ అంటే, ఆ బిడ్డ రెండు విషయాలు నేర్చుకుంటాడు: తన ఇంటి మాట తప్పు, తప్పు రాకుండా ఉండాలంటే నోరు విప్పకపోవడం మేలు. అలా కాకుండా ‘మీ ఇంట్లో బుడ్డలు అంటారు కదా, ఈ పుస్తకంలో వేరుశనగలు అని రాశారు, రెండూ ఒకటే’ అనండి. అప్పుడు ఒక మాట పోకుండానే ఇంకో మాట చేరుతుంది.

ఇంటి భాష తెలుగే కాని పిల్లల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రాథమిక దశలో భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు మాతృభాషలో బోధన గురించి చెబుతోంది. సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసి ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో, తెలుగు లిపినే వాడి, ప్రాథమిక తరగతులకు వాచకాలు తయారుచేశారు. మీ తరగతిలో అలాంటి వాచకాలు లేకపోయినా ఒక పని చేయవచ్చు. ఆ భాష మాట్లాడే పెద్ద పిల్లనో, తల్లినో, ఆయానో అడిగి ‘రా, కూర్చో, నీళ్లు, అన్నం, నొప్పి, భయం లేదు’ అనే మాటలను బిడ్డ భాషలో నేర్చుకోండి. ఇంగ్లీషు మాధ్యమంలో చేరిన తెలుగు పిల్లలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అర్థం తెలుగులో తెలిసిన తరవాతే ఇంగ్లీషు మాట నిలుస్తుంది.

రోజుకు ఒక కథ చెప్పండి, లేదా పుస్తకం చూపిస్తూ చదవండి. గుజరాత్‌లోని భావనగర్‌లో పనిచేసిన గిజుభాయి బధేకా (1885–1939) తన ‘దివాస్వప్న’లో చిత్రించిన ఉపాధ్యాయుడు పిల్లలను కథతోనే దగ్గరకు తీసుకుంటాడు. విన్న కథనే మళ్లీ అడగడం ఈ వయసు పిల్లల స్వభావం. రెండోసారి విన్నప్పుడు తరవాత ఏం జరుగుతుందో వాళ్లే ముందు చెబుతారు. చదవడంలో కీలకమైన ఊహించే నైపుణ్యం అలాగే పెరుగుతుంది.

7.4.2 ఏ అక్షరాలు ముందు?

మన సంప్రదాయంలో ‘అ’ నుంచి మొదలుపెట్టి అచ్చులన్నీ అయ్యాక హల్లులకు వెళతాం. వర్ణమాల క్రమం శాస్త్రీయమైనదే. ధ్వనులను పుట్టే స్థానాన్ని బట్టి అమర్చిన క్రమం అది. కాని భాషను వర్గీకరించే క్రమం, బిడ్డ చదవడం నేర్చుకునే క్రమం ఒకటే కానక్కర్లేదు. తెలుగులో అచ్చుల అక్షరాలు ఎక్కువగా పదాల మొదట్లోనే వస్తాయి. అచ్చులు మాత్రమే నేర్చిన బిడ్డ ‘ఆ, ఈ, ఏ’ వంటి ఒకటి రెండు మాటలు తప్ప ఏ పదమూ చదవలేడు. పైగా ‘ఋ’ కోసం ఋషిని, ‘ఐ’ కోసం ఐరావతాన్ని ఎత్తుకోవాల్సి వస్తుంది. నెల రోజులు కష్టపడినా ఒక్క పదం కూడా చదవలేని బిడ్డకు చదువు మీద ఆశ ఎలా పుడుతుంది?

ఇప్పుడు త, ల, వ, ప, డ, న, గ, ర, క, మ అనే పది అక్షరాలు తీసుకోండి. గుణింతం గుర్తులు, ఒత్తులు లేకుండానే ఈ పదితో తల, వల, కల, నగ, వడ, పడవ, పలక, గడప, నడక, కలప, మడమ వంటి పదాలు వస్తాయి. మూడు అక్షరాలు వచ్చిన రోజే ‘తల’, ‘వల’ చదివేయవచ్చు. తల తాకి చూపించవచ్చు. గడప దాటి చూపించవచ్చు.

మరి అమ్మ, అక్క, అన్న, అవ్వ, బువ్వ, పిల్లి, చెట్టు? బిడ్డకు అన్నిటికన్నా దగ్గరి మాటలు ఇవే. అన్నిటిలోనూ ఒత్తులు ఉన్నాయి. వీటిని విడగొట్టి నేర్పే సమయం ఇంకా రాలేదు. కాని పూర్తి పదాన్ని ఒక బొమ్మలా గుర్తుపట్టడం పిల్లలకు కష్టం కాదు. అందుకే వీటిని, పిల్లల పేర్లను చీటీల మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఉదయం రాగానే ఎవరి పేరు చీటీ వాళ్లు తీసి దారానికి తగిలిస్తే హాజరు పూర్తవుతుంది, చదవడమూ మొదలవుతుంది.

గుణింతం విషయంలో ఒక హెచ్చరిక. ‘క కా కి కీ’ అని వరసగా గడగడా చెప్పే బిడ్డకు గుణింతం వచ్చినట్లు కాదు. వరస తప్పించి ‘కె’ను చూపించి అడగండి. చాలామంది ‘క’ నుంచి లెక్కపెట్టుకుంటూ రావాల్సి వస్తుంది. నోటికి వచ్చింది గాని కంటికి రాలేదన్నమాట. ఒకేసారి అన్ని గుర్తులూ కాకుండా, దీర్ఘం, గుడి, కొమ్ము ఇలా ఒక్కో గుర్తును తెలిసిన పదాల్లో పరిచయం చేయండి. తల–తాత, వల–వాన వంటి జతలు ఇందుకు పనికివస్తాయి. ఆకారంలో దగ్గరగా ఉండే వ–మ, ప–వ, న–స వంటి అక్షరాలను ఒకే రోజు పరిచయం చేయకుండా ఎడం పాటించండి.

7.4.3 రాత

రాతకు ముందు చేతిని సిద్ధం చేయాలి. ఇసుకలో గీతలు, బంకమట్టితో ఉండలు, చుక్కలు కలిపే చిన్న ముగ్గులు, గింజలు ఏరడం, పూలు గుచ్చడం ఇందుకు ఉపకరిస్తాయి. తెలుగు అక్షరాల్లో వంపులే ఎక్కువ కాబట్టి సున్నాలు, అరసున్నాలు, అలలు గీయించడం మంచి మొదలు. తరవాత బిడ్డ చెప్పిన మాటను మీరు రాసి చూపించండి. ‘మా మేక ఈనింది. రెండు పిల్లలు’ అని బిడ్డ అంటే, అదే వాక్యాన్ని నల్లబల్ల మీద రాసి, వేలు పెట్టి చదవండి. తన నోటి మాట అక్షరమై ఎదుట నిలవడం చూసిన బిడ్డకు రాత ఎందుకో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

7.5 వస్తువు నుంచి సంఖ్యకు

ఒకటి నుంచి వంద వరకు అప్పజెప్పడం వేరు, లెక్కించడం వేరు. ఒక్కో వస్తువును తాకుతూ ఒక్కో సంఖ్య చెప్పడం, చివర చెప్పిన సంఖ్యే మొత్తం అని తెలియడం – ఈ రెండూ వచ్చినప్పుడే బిడ్డకు లెక్కించడం వచ్చినట్లు. చింతపిక్కలు, పుల్లలు, సీసా మూతలు చాలు.

సంఖ్యల పేర్లలో తెలుగు బిడ్డకు ఒక కష్టం, ఒక సుఖం ఉన్నాయి. కష్టం 11 నుంచి 19 వరకు. ‘పదకొండు’లో పది వినిపిస్తుంది గాని ఒకటి వినిపించదు. ‘పందొమ్మిది’ని పలుకుతుంటే పది, తొమ్మిది కలిసిపోతాయి. కాబట్టి ఈ సంఖ్యల దగ్గర తొందరపడకూడదు. పది పుల్లల కట్ట ఒకటి, విడి పుల్లలు పక్కన పెట్టి చూపించాలి. సుఖం 21 నుంచి. ‘ఇరవై ఒకటి’, ‘ముప్పై నాలుగు’ అని పదులు ముందు, ఒకట్లు తరవాత పలుకుతాం. రాసేదీ అదే వరస. హిందీలో ఈ సౌలభ్యం లేదు. అక్కడ వంద వరకు చాలా పేర్లను విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి.

ఒక పిల్లవాడు ‘ఇరవై ఐదు’ అని చెబితే 205 అని రాశాడనుకోండి. వెంటనే ఎర్రగీత పెట్టకండి. వాడు విన్నదాన్ని విన్నట్టే రాశాడు: ఇరవై, దాని పక్కన ఐదు. వాడి ఆలోచనలో తర్కం ఉంది, స్థానవిలువ ఒక్కటే ఇంకా అందలేదు. రెండు పుల్లల కట్టలు, ఐదు విడి పుల్లలు వాడి ముందు పెట్టి ‘కట్టలు ఎన్ని? విడివి ఎన్ని?’ అని అడగండి. పిల్లల తప్పు చాలాసార్లు వాళ్ల ఆలోచన ఎక్కడిదాకా వచ్చిందో చూపే గుర్తు.

2021లో ప్రారంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమం ఒకటో తరగతి చివరికి పిల్లలు నాలుగైదు సరళమైన పదాలున్న చిన్న వాక్యాలు చదవాలని, 99 వరకు సంఖ్యలు చదివి రాయాలని, సులభమైన కూడికలు, తీసివేతలు చేయాలని లక్ష్యంగా పెట్టింది. ఇవి ఏడాది చివరికి చేరాల్సిన గమ్యాలు. జూలైలో బిడ్డను కొలిచే కొలబద్దలు కావు.

7.6 సాయం ఎప్పుడు, ఎంత?

బిడ్డ ఒంటరిగా చేయగలిగిన దానికీ, తెలిసినవారి సాయంతో చేయగలిగిన దానికీ మధ్య ఉన్న మేరను లెవ్ వైగాట్‌స్కీ (1896–1934) సామీప్య వికాస మండలం అన్నాడు. బోధన జరగాల్సిన చోటు అదే. ఒంటరిగా వచ్చేది నేర్పితే విసుగు. సాయం చేసినా అందనిది నేర్పితే భయం. ఈ సాయాన్నే జెరోమ్ బ్రూనర్, ఆయన సహచరులు 1976లో స్కాఫోల్డింగ్‌తో పోల్చారు. గోడ కట్టేటప్పుడు మేస్త్రీ సారువ కట్టెలు కడతాడు. గోడ నిలిచాక విప్పేస్తాడు. విప్పకపోతే ఇల్లు ఎప్పటికీ పూర్తికానట్టే.

ఒక ఉదాహరణ చూడండి. బిడ్డ ‘పడవ’ దగ్గర ఆగిపోయింది. మీరు చేయగల సాయాలు ఇవి:

1. కొంచెం సేపు ఆగండి. మనసులో ఐదు లెక్కపెట్టండి.
2. ‘బొమ్మ చూడు, ఏమై ఉంటుంది?’ అనండి.
3. ‘మొదటి అక్షరం నీకు తెలుసు, పలక లోనూ ఉంది’ అని గుర్తుచేయండి.
4. ‘ప...’ అని అందించి ఆగండి.
5. పదం మీరే చదివి, బిడ్డతో చదివించండి.

మనలో చాలామంది నేరుగా ఐదో దానికి వెళతాం. మొదటి దాంతోనే సరిపోయే సందర్భాలు మనం అనుకునేదానికన్నా ఎక్కువ.

మీ అవగాహనను పరిశీలించుకోండి – 2
1. త, ల, వ, ప, డ, న, గ, ర, క, మ అక్షరాలతో ఈ యూనిట్‌లో లేని నాలుగు పదాలు తయారుచేయండి.
2. ‘ముప్పై రెండు’ను 302 అని రాసిన బిడ్డకు మీరు ఏ క్రమంలో సాయం చేస్తారు?

7.7 ఇంటివారి పాత్ర

‘మాకు చదువు రాదు, మేమేం చెప్పగలం?’ అని చాలామంది తల్లులు అంటారు. వారికి మీరు చెప్పాల్సిన మాట: చదువు రాకపోయినా చేయగలిగినవి చాలా ఉన్నాయి. పడుకునే ముందు ఒక కథ చెప్పడం, వంట చేస్తూ కూరగాయల పేర్లు అడగడం, గిన్నెలు సర్దుతూ లెక్కపెట్టించడం, ఊళ్లో కనబడే బోర్డుల మీద తెలిసిన అక్షరాన్ని వెతికించడం. ‘ఈ రోజు ఏం రాశావు?’ అనే ప్రశ్నతో పాటు ‘ఈ రోజు ఎవరితో ఆడావు? సారు ఏం కథ చెప్పారు?’ అని కూడా అడగమనండి. నోటుపుస్తకం ఖాళీగా ఉంటే చదువు జరగలేదని కంగారుపడవద్దని నచ్చజెప్పండి. ఒకటో తరగతి బిడ్డకు రాత్రిపూట ట్యూషన్ కన్నా నిద్ర ముఖ్యం.

పత్తి తీతలప్పుడు, మిరప కోతలప్పుడు కొన్ని కుటుంబాలు పిల్లలను తీసుకుని పనులకు వెళతాయి. నెల తరవాత తిరిగి వచ్చిన బిడ్డను తరగతి ఉన్న చోట కూర్చోబెట్టి ‘చదువు’ అంటే లాభం లేదు. ఆ బిడ్డ ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి, ముందుగా ‘వెళ్లిన ఊళ్లో ఏం చూశావు?’ అనే ప్రశ్నతో మొదలుపెట్టండి. తల్లిదండ్రులను అందరి ముందూ నిలదీస్తే మళ్లీ పంపడానికి వెనకాడతారు.

7.8 పరిశీలన, మూల్యాంకనం

పిల్లలకు భయం, ఆందోళన లేని వాతావరణం కల్పించాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. శారీరక దండనను, మానసిక వేధింపును 17వ సెక్షన్ నిషేధిస్తోంది. ‘మొద్దు’, ‘వీడికి రాదు’ అనే మాటలు బెత్తం కాకపోవచ్చు గాని, బెత్తం దెబ్బ కన్నా ఎక్కువ కాలం ఉంటాయి.

ఒకటో తరగతిలో మూల్యాంకనానికి ఒక నోటుపుస్తకం చాలు. ఒక్కో బిడ్డకు రెండు పేజీలు కేటాయించండి. రోజుకు ముగ్గురు నలుగురిని ఎంచుకుని, చూసినదాన్ని ఒక్కో వాక్యంలో రాయండి. ‘బాగా చదువుతుంది’ అని కాకుండా, ‘పడవను బొమ్మ చూడకుండా చదివింది’ అని రాయండి. ‘అల్లరి’ అని కాకుండా, ‘కథ సగంలో రెండుసార్లు లేచాడు, బొమ్మ చూపించగానే కూర్చున్నాడు’ అని రాయండి. తేదీ వేయండి. నెల తరవాత తిరగేస్తే బిడ్డ ఎంత దూరం నడిచిందో తెలుస్తుంది. ఎవరి పేజీలు ఖాళీగా ఉన్నాయో చూడండి. ఆ బిడ్డ మీ కంటికి ఆనడం లేదని అర్థం.

కొన్ని గుర్తులను మాత్రం ఆలస్యం చేయకుండా పట్టించుకోవాలి. నల్లబల్లను కళ్లు చికిలించి చూడటం, పుస్తకాన్ని ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకోవడం, వెనక నుంచి పిలిస్తే పలకకపోవడం, తరచూ చెవి నొప్పి అనడం, ఆటల్లో తడబడి పడిపోవడం కనిపిస్తే, కుటుంబంతో మాట్లాడి కంటి, చెవి పరీక్షకు పంపండి. ‘వినడు’ అని మనం అనే పిల్లల్లో కొందరికి నిజంగానే వినిపించదు.

ఇక, నేను 20కి 7 వేసిన పిల్ల సంగతి. నాలుగు నెలల తరవాత మళ్లీ ఆ బడికి వెళ్లాను. ఆ పిల్ల చివరి వరసలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ‘మీరే అన్నారు కదా సార్, వెనకబడిందని’ అన్నాడు ఉపాధ్యాయుడు. ఆయన మంచివాడే, నా మాట నమ్మాడు. ఆ రాత్రి పాత కాగితాలు తీసి, ఆ పిల్ల చెప్పిన మాటలను ఆ పిల్ల మాటలుగా లెక్కిస్తే 20కి 15 వచ్చాయి. మర్నాడే వెళ్లి ఉపాధ్యాయునితో నా తప్పు చెప్పాను. కాని మరుసటి ఏడు రెండో తరగతి రిజిస్టరులో ఆ పేరు లేదు. దానికి నా అంకె ఒక్కటే కారణమని చెప్పలేను. కారణం కాదని కూడా చెప్పలేను. ఒకటో తరగతి బిడ్డ గురించి మీరు ఏదైనా రాయబోయే ముందు ఈ సంగతి గుర్తుచేసుకోండి.

7.9 సారాంశం

బిడ్డ ఇంటి నుంచి భాషను, లెక్కను, లోకజ్ఞానాన్ని తీసుకుని బడికి వస్తాడు. మొదటి వారాల్లో బడి గురించిన భయం పోగొట్టడమే మొదటి పాఠం. ఇంటి మాటను గౌరవించి దాని పక్కన పుస్తకం మాటను చేర్చాలి. తక్కువ అక్షరాలతో ఎక్కువ పదాలు చదివించే క్రమం బిడ్డకు చదువు మీద ఆశ కలిగిస్తుంది. సంఖ్య వస్తువు నుంచి పుట్టాలి. పిల్లల తప్పుల్లో వాళ్ల ఆలోచన కనిపిస్తుంది. సాయం అవసరమైనంత చేసి క్రమంగా తగ్గించుకోవాలి. మూల్యాంకనం బిడ్డకు ముద్ర వేయడానికి కాదు, మన తరవాతి అడుగు ఏమిటో తెలుసుకోవడానికి.

7.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. ఒకటో తరగతి పిల్లలకు తెలుగు చదవడం, రాయడం పరిచయం చేసే క్రమాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. బడికి అలవాటు పడే దశలో పిల్లలకు ఎదురయ్యే ఇబ్బందులను, ఉపాధ్యాయుడు తీసుకోవాల్సిన చర్యలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. ఇంటి భాష, బడి భాష మధ్య తేడాను తరగతిలో ఎలా పరిష్కరించవచ్చు?
2. సామీప్య వికాస మండలం అంటే ఏమిటి? ఒక ఉదాహరణ రాయండి.
3. 11 నుంచి 19 వరకు సంఖ్యలు నేర్చుకోవడంలో తెలుగు పిల్లలకు ఎదురయ్యే కష్టం ఏమిటి?

III. అభ్యాసకృత్యం
మీకు దగ్గరలోని ఒక బడిలో గాని, అంగన్‌వాడీలో గాని, అక్కడివారి అనుమతితో ఒక బిడ్డను వారం రోజులు గమనించండి. రోజుకు ఒక వాక్యం చొప్పున రాయండి. వాటిలో బిడ్డకు ‘రానివి’ ఎన్ని, ‘వచ్చినవి’ ఎన్ని రాశారో లెక్కపెట్టండి. మొదటివి ఎక్కువైతే ఇంకో వారం గమనించండి.